మా ఊరి డబ్బాలు ఏమయ్యాయి మంత్రిగారూ?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. సర్వే కోసం మా ఊళ్లో పోగుచేసిన మలం డబ్బాల సంగతి మీద నేను రాస్తున్న నాలుగో అర్జీ ఇది. మొదటి మూడింటికీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. కనుక్కుందామని ఆ నంబరుకి తిరిగి చేస్తే మోగనే మోగలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పైతే మన్నించండి.

మలాన్ని పరీక్షించి పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల లెక్క తీసే సర్వే గురించి మీకు నేను చెప్పేదేముంది, మీ శాఖదే కదా. నేను చెప్పాల్సింది డబ్బాల గురించి.

మాది గోదారి వశిష్ఠ పాయ ఒడ్డున లంక ఊరు. నేను ఆశా కార్యకర్తని. నాకు డెబ్బై డబ్బాలిచ్చారు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర మూత, మూతకే లోపల చిన్న చెంచా. ఇంటింటికీ ఇచ్చి, పొద్దున్నే దొడ్డికెళ్లినప్పుడు ఒక్క చెంచాడు తీసివ్వమని అడగాలి. ఆ మాట మీరొకసారి ఎవరినైనా అడిగి చూడండి. మొదటి ఇంట్లోనే మామ్మగారు “పొద్దున్నే ఇదేం బేరమే, నీకు మతిగానీ పోయిందా” అన్నారు. మావన్నీ నేల మరుగుదొడ్లు. నీళ్లు తగలకుండా ఎలా పట్టాలో ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. చివరికి అరటాకు ముక్క పరుచుకోమని నేనే ఉపాయం చెప్పాను. కోనసీమలో అరటాకులకేం కరువు! వీధిలో పిల్లలు నాకు ‘డబ్బాలక్క’ అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు.

అలా అరవై రెండు డబ్బాలు పోగుచేశాను. ఏ రోజువి ఆ రోజు టీకాల ఐస్ బాక్సులో పెట్టుకుని పంటు పడవ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న ల్యాబ్‌కి చేర్చేదాన్ని. పంటు నిండితే గానీ కదలదు. ఐస్ కరిగిపోతుందేమోనని ఒడ్డున ఒకటే టెన్షన్. ఒకరోజు పక్కనాయన “బాక్సులో పులసలా అమ్మా, ఎంతేంటి?” అని అడిగారు. “కాదండీ, టీకాలు” అన్నాను. ఏం చెప్పమంటారు మరి?

ఆరు నెలల్లో ఇంటింటికీ రిపోర్టు ఇస్తామన్నారు. పిల్లలకి బరువు పెరిగే తిండి ఏదో దాన్నిబట్టి తేలుతుందన్నారు. ట్రైనింగుకొచ్చిన డాక్టరమ్మ బంగ్లాదేశ్ సంగతి చెప్పింది. ఢాకా మురికివాడలో ఏడాది, ఏడాదిన్నర పిల్లలకి శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ కలిపిన తిండి మూడు నెలలు పెట్టారట. మామూలుగా ఇచ్చే పోషకాహారంలో కేలరీలు ఎక్కువే ఉన్నా, దానికన్నా దీనితోనే పిల్లలు బాగా పెరిగారట. 2021లో ఫలితాలు బయటికొచ్చాయి. చిక్కిపోయిన పిల్లల పేగుల్లో సూక్ష్మజీవులు వయసుకి తగ్గట్టు ఎదగవట, ఈ తిండి వాటికి మేత అన్నమాట. పచ్చి అరటికాయ అనగానే ట్రైనింగులో మేమంతా నవ్వేశాం. రావులపాలెం మార్కెట్లో గెలలు గుట్టలు పడి ఉంటాయి కదండీ.

కానీ ఢాకా పిల్లల లెక్క మా పిల్లలకి అచ్చంగా సరిపోతుందా? మా నీళ్లు వేరు, మా తరవాణి వేరు, మా ఎండుచేపలు వేరు. మాది మా పేగులే చెప్పాలి. అందుకే కదా డబ్బాలు.

మా వీధిలో ఒక పాప ఉంది. ఇరవై నెలలు. బరువు ఏడున్నర కిలోల దగ్గర ఆగిపోయింది. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇస్తాను, జింక్ బిళ్లలు 14 రోజులు వేయిస్తాను. తగ్గుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. నేను వెళ్లేలోపే ఆర్ఎంపీ యాంటీబయాటిక్ పోసేసి ఉంటాడు. ఆ మందు చెడ్డ క్రిములతో పాటు మంచివాటినీ ఊడ్చేస్తుందని వాళ్లమ్మకి ఎన్నిసార్లు చెప్పానో. రొయ్యల చెరువుల్లో కూడా ఇలాంటి మందులే పోసేవాళ్లున్న చోట నా మాటకి విలువెంత లెండి. ఆ తల్లి మాత్రం ఎప్పుడు కనబడినా ఒకటే అడుగుతుంది, “అక్కా, మా పాప డబ్బా రిపోర్టొచ్చిందా?”

రాదండి. ఆ డబ్బాల్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాచారు. వానలకి రెండు రాత్రులు కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. డీజిల్ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలలేదట. ఎనిమిది నెలల తర్వాత నేను వెళ్లి అడిగితే అటెండర్ చెప్పాడు, “అవా? వాసనొస్తుంటే ఎప్పుడో పారేశాం అమ్మా.”

మా వైపు ఆఫీసులో అడిగితే “ల్యాబ్ అవతలి జిల్లాలో ఉంది, అక్కడ అడుగు” అన్నారు. అవతల అడిగితే “జనం మీ జిల్లావాళ్లు, మీ దగ్గరే అడుగు” అన్నారు. మధ్యలో గోదారి. కాటన్ దొర 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర ఈ గోదారికి ఆనకట్ట కట్టించారు. మీవాళ్లు ఒక ఫ్రీజరుకి డీజిల్ పోయించలేకపోయారు.

ఒక ఆఫీసరుగారైతే “మలం మీద రీసెర్చేంటమ్మా, ఎవరైనా వింటే నవ్వుతారు” అన్నారు. నవ్వేదేముందండీ ఇందులో? యాంటీబయాటిక్స్ వాడాక పేగుల్లో పెరిగే ఒక మొండి క్రిమి వల్ల విరేచనాలు ఆగని రోగులకి, నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తే, ఒక్క విడతతోనే 16 మందిలో 13 మందికి నయమైందని 2013లో ప్రకటించారు. 2023లో అమెరికావాళ్లు అలాంటి సూక్ష్మజీవుల్ని మింగే క్యాప్సూల్‌గా కూడా అనుమతించారు. అంతదూరం ఎందుకు, పక్కనే ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలకి పైగా పసికందుల మీద పరీక్ష చేశారు. వారం రోజులు మంచి బ్యాక్టీరియా పట్టిస్తే సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 40 శాతం తగ్గాయని 2017లో తేలింది. ఇవి మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపించింది. డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతోంది. ఆ చోట్ల పోగుచేసినవి కూడా ఎవరైనా పారబోసి ఉంటే ఈ లెక్కలు వచ్చేవా?

నాకు పెద్ద కోరికలేం లేవు. ఫ్రీజర్ సంగతేంటో ఎవరో ఒకరు చెప్పండి. మళ్లీ సర్వే చేస్తారా, చేయరా, అదైనా చెప్పండి. చేస్తే ల్యాబ్ మా ఒడ్డునే పెట్టించండి. డబ్బాకి ఇంత అని ఇస్తామన్న పారితోషికం గురించి నేను అడగను. అడగనన్నానే గానీ, అదీ రాలేదు. ఆ పాప తల్లికి ఏం చెప్పాలో మీరే చెప్పండి. దయచేసి చెప్పండి. అరవై రెండు ఇళ్లవాళ్లు సిగ్గు చంపుకుని నన్ను చూసి ఇచ్చారు. మిమ్మల్ని చూసి కాదు.

మిగిలిన ఎనిమిది ఖాళీ డబ్బాలు మా ఇంట్లో అటక మీదున్నాయి. ప్రభుత్వ సొమ్ము కాబట్టి పారేయలేదు. ఏ ఒడ్డున ఎవరికి అప్పజెప్పాలో రాయించండి.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త