బ్యాకప్ ఉంది సరే, ఏ ఊళ్లో ఉంది?

సంపాదకులకు,

వానలు మొదలయ్యే ముందు ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తాం, సెల్లార్‌లో మోటారు తిరుగుతుందో లేదో చూసుకుంటాం. కంప్యూటర్‌లోని లెక్కలు పోతే వేరే కాపీ ఉందా అని అడిగితే మాత్రం హన్మకొండలో చాలా ఆఫీసుల్లో వచ్చే జవాబు ఒక్కటే: "బ్యాకప్ ఉంది సార్." ఎక్కడుందంటే సీపీయూ పక్కనున్న టేబుల్ సొరుగు లాగి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు చూపిస్తారు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ మన కాలనీలు ఎట్లా మునిగాయో అందరం చూశాం. సీపీయూలోకి వచ్చిన నీళ్లు సొరుగును వదిలిపెట్టి పోవు.

కొంతమంది జాగ్రత్తపరులు డిస్కును రాత్రి ఇంటికి తీసుకెళ్తారు. దొంగతనానికి, షార్ట్ సర్క్యూట్‌కు అది మంచి ఉపాయమే. కానీ షాపు నయీంనగర్‌లో, ఇల్లు హంటర్ రోడ్డులో అయితే రెండింటి మీదా ఒకే వాన పడుతుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు పేర్లయినా బ్యాకప్ లెక్కలో ఒకే చోటు. డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న కరీంనగర్ వేరే చోటు, హైదరాబాద్ వేరే చోటు. పెద్ద కంపెనీలకూ ఇదే దెబ్బ తగిలింది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ (ఖాతాదారుల డేటా ఉంచే సర్వర్ల భవనం) తగలబడినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ఆవరణలో ఉంచుకున్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు.

నెలకు ఎంతవుతుందని అడిగి చోటు ఎంచుకోవడం మామూలైపోయింది. ముందు అడగాల్సింది అది కాదు. మొత్తం డేటా పోతే తిరిగి చేతికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది? లెక్క సులువే, పంపడానికైనా తెచ్చుకోవడానికైనా ఒకటే: పంపేటప్పుడు అప్‌లోడ్ వేగం, తెచ్చుకునేటప్పుడు డౌన్‌లోడ్ వేగం పెట్టుకోవాలి. 1 టీబీ, అంటే వెయ్యి జీబీ, 80 లక్షల మెగాబిట్లు. అప్‌లోడ్ నిజంగా 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) వస్తే 2 లక్షల సెకన్లు, అంటే సుమారు 56 గంటలు. 10 మాత్రమే వస్తే తొమ్మిది రోజుల పైమాటే. కేబుల్ అబ్బాయి చెప్పే "వంద" తరచుగా డౌన్‌లోడ్‌ది, అందుకే స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ అని ఉండే అంకె కూడా చూడండి. అదీ సాయంత్రం ఏడింటికి చూడండి, పొద్దున ఆరింటికి కాదు.

లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కలిపి 20 జీబీ దాటని ఆఫీసుకు క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీదుగా వేరే ఊరి సర్వర్‌లో దాచడం, చక్కగా సరిపోతుంది. మొదటిసారే మొత్తం వెళ్తుంది, ఆ తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి. రెస్టిక్, డూప్లికాటి అనే సాఫ్ట్‌వేర్లు ఈ పనిని ఉచితంగా చేస్తాయి, డేటాను మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేకుండా మార్చి, పంపుతాయి. రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 కాపీలు ఉంచమని పెడితే చిన్న ఆఫీసుకు చాలు. ఒక తిరకాసు ఉంది: టాలీ తెరిచి ఉండగా దాని ఫోల్డర్‌ను కాపీ చేస్తే సగం రాసిన ఫైలు రావచ్చు. అది తెరుచుకోదని తెలిసేది అవసరం పడ్డ రోజే. ముందు టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫైలును పంపాలి.

గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఫోల్డర్ సింక్ పెట్టి (ఇక్కడి ఫోల్డర్ అక్కడా అలాగే ఉండేలా కలిపి) అదే బ్యాకప్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. సింక్ అద్దం లాంటిది. ఇక్కడ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, మార్చిలో పోయిన ఫోల్డర్‌ను జూన్‌లో గమనిస్తే ఏమీ మిగలదు. డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ వైరస్ లాక్ చేసిన ఫైళ్లు కూడా బుద్ధిగా సింక్ అవుతాయి. అసలైన బ్యాకప్ ఖాతాకు కూడా ఆఫీసు కంప్యూటర్ నుంచి పాత కాపీలను తుడిచే అధికారం ఇవ్వకూడదు. ఆబ్జెక్ట్ లాక్ సౌకర్యం, అంటే పెట్టిన గడువు దాకా కాపీని తుడవనివ్వని తాళం, ఉందా అని అడిగి తీసుకోండి.

ఫొటో స్టూడియోల కథ వేరు. ఒక్క పెళ్లికే వీడియోతో కలిపి వందల జీబీ అవుతుంది, ముహూర్తాల నెలలో ఇంటర్నెట్ లైన్ ఎప్పటికీ ఖాళీ కాదు. వాళ్లకు డిస్కులే నయం, అయితే రెండుండాలి. మార్కర్‌తో "అ", "ఆ" అని రాయండి. "అ" డిస్కు కరీంనగర్‌లో మేనమామ గారింట్లో ఉంటే "ఆ" డిస్కు ఇక్కడ నిండుతుంది. నెల తిరిగేసరికి "ఆ" డిస్కు అక్కడికి చేరాకే "అ" డిస్కు ఇటు బస్సెక్కాలి. రెండు డిస్కులూ ఒకే సంచిలో ప్రయాణం చేయకూడదు. జిప్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి, బట్టల నడుమ పెట్టి తీసుకెళ్లండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే డిస్కు ఉడికిపోతుంది. ఏళ్ల తరబడి దాచడానికి ఎస్‌ఎస్‌డీ, పెన్ డ్రైవ్ పనికిరావు, కరెంటు అందకుండా ఉంటే వాటిలోని చార్జి మెల్లగా కారిపోతుంది. డిస్కు బస్సులో మరిచిపోతే జనం పెళ్లి ఫొటోలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు కాబట్టి విండోస్‌లోని బిట్‌లాకర్‌తో డిస్కుకు పాస్‌వర్డ్ తాళం పెట్టాలి. విండోస్ హోమ్‌లో ఎక్స్‌టర్నల్ డిస్కును బిట్‌లాకర్‌తో లాక్ చేయడం కుదరదు, అదే పని చేసే వెరాక్రిప్ట్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు.

అప్పగించేసిన పాత పెళ్లిళ్లకు అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ లాంటి కోల్డ్ స్టోరేజ్ (అరుదుగా తీసే డేటాను దాచే క్లౌడ్ గోదాం) చౌక. ముంబైలోనే కాదు, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ ఆ సంస్థ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది. అయితే షరతులు చదవాలి. తిరిగి అడిగితే మామూలు పద్ధతిలో 12 గంటల్లోపు, చౌక పద్ధతిలో 48 గంటల్లోపు సిద్ధమవుతుంది. డౌన్‌లోడ్ ఆ తర్వాతే. 180 రోజులకు ముందే తీసేసినా 180 రోజుల డబ్బు పడుతుంది, బయటికి తెచ్చుకునే ఖర్చు వేరే. రెస్టిక్ తన పాత ఫైళ్లను మధ్యమధ్యలో చదువుకోవాలి కనుక దాన్ని ఇందులోకి తోలకండి. ఒక్కో పెళ్లిని ఒక్కో ఎన్‌క్రిప్టెడ్ ఆర్కైవ్ ఫైలుగా కట్టి పంపడమే పద్ధతి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు నడిపేవాళ్లకు ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల అకౌంట్స్ నియమాల ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ భారత్‌లోని సర్వర్‌లో ఉండాలి. మేనమామ గారిల్లు ఇక్కడ చెల్లదు. జీఎస్టీ ఉన్న ప్రతివాళ్లూ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్‌ను అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసుకోవడం తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేయడమే. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే తెరిచే దారి ఎవరి దగ్గరా లేదు. కాగితం మీద రాసి రెండు ఇళ్లల్లో ఉంచండి. మూడు నెలలకోసారి, ఆఫీసుది కాని వేరే ల్యాప్‌టాప్‌లో టాలీ కంపెనీ ఒకటి, పోయినేడాది ఫోల్డర్ ఒకటి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. గ్రీన్ టిక్ కనిపించినంత మాత్రాన నమ్మకండి.

మన దగ్గర బ్యాకప్ సర్వీసు అమ్మే డీలర్లకు ఒక మనవి. కొటేషన్‌లో ధరతో పాటు కాపీ ఏ ఊళ్లో ఉంటుంది, మొత్తం వెనక్కి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది అనే మూడూ రాసివ్వండి. కొనేవాళ్లు ఆ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

– ఒక పాఠకుడు, హన్మకొండ