మెడ వ్యాసంలో చేతుల ఊసేది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మెడనొప్పి గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన ఆరోగ్య వ్యాసం రెండుసార్లు చదివాను. దిండు ఎత్తు, కూర్చునే తీరు, ఫోను చూస్తూ తల వంచడం గురించి వివరంగా రాశారు. అవన్నీ అవసరమైనవే. కానీ మెడలో వెన్నుపాము నలిగిపోవడం గురించి ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. నా చేతిపనిని నాకు దూరం చేసింది ఆ జబ్బే. మెడ మాత్రం నాకు పెద్దగా నొప్పి పెట్టనే లేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బట్టలు కుట్టాను. చేత్తో కాజాలు కుట్టాలంటే నా దగ్గరికే వచ్చేవారు. యాభై నాలుగో ఏట సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. కళ్ల దోషమనుకుని అద్దాలు మార్పించుకున్నాను. తర్వాత కత్తెర బరువుగా తోచింది. వేళ్ల మధ్య గుండీ ఉందో జారిపోయిందో కళ్లతో చూస్తే తప్ప తెలిసేది కాదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని చెప్పి చేతికి పట్టీ వేశారు. ఏడాదిన్నర ఆ పట్టీతోనే గడిచిపోయింది. ఈలోగా మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం నాకు అలవాటైంది. చేతుల తిమ్మిరికీ కాళ్ల తడబాటుకూ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు, నన్ను ఎవరూ అడగలేదు కూడా. రెండింటినీ కలిపి చూసిన మొదటి వైద్యురాలు నా మధ్యవేలి కొసను గోటితో మీటారు. బొటనవేలు దానంతట అదే లోపలికి ముడుచుకుంది. దాన్ని హాఫ్‌మన్ పరీక్ష అంటారని తర్వాత తెలిసింది. ఆ వారంలోనే మెడకు ఎంఆర్‌ఐ తీయించారు.

జబ్బు పేరు డీజెనరేటివ్ సర్వైకల్ మైలోపతి. డిస్కులు అరిగి వెనక్కి ఉబ్బడం, పూసల అంచున ఎముక పెరగడం, పూసలను పట్టి ఉంచే కట్లు మందమెక్కడం లేదా ఎముకలా గట్టిపడటం లాంటి వాటివల్ల మెడలో వెన్నుపాముపై ఒత్తిడి పడి, అది దెబ్బతింటుంది. ఒక్కో కారణానికి ఒక్కో పేరుతో నడుస్తూ వచ్చిన వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తేవాలని పరిశోధకులు 2015లో ఈ పేరు ప్రతిపాదించారు.

పేరు తెలిశాక నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎంత వేగంగా ముదురుతుంది? ఆమె దాటవేయకుండా కూర్చోబెట్టి చెప్పారు. చేతులు, నడక, స్పర్శ, మూత్రంపై అదుపు చూసి 18కి మార్కులు వేస్తారు. నాకు 15 వచ్చాయి. 15 నుంచి 17 దాకా స్వల్ప దశ. ఆ దశలో వెంటనే ఆపరేషన్ చేయించుకోవచ్చు, లేదా వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స తీసుకుంటూ కనిపెట్టుకుని ఉండవచ్చు. ఆపరేషన్ లేకుండా ఉన్నవారిలో మూడు నుంచి ఆరేళ్లలో కనీసం ఒక మార్కు కోల్పోయినవారు 20 నుంచి 62 శాతం దాకా ఉన్నారని అధ్యయనాల లెక్క. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరమో చూడండి. నేను ఏ కొసన ఉన్నానో ఎలా తెలుసుకోవాలి? నా అభిప్రాయంలో రోగికి అన్నిటికన్నా ముందు చెప్పవలసిన సంగతి అది.

అది తేల్చేవాటిలో మొదటిది పుట్టుకతో వచ్చిన కొలత. మెడలో వెన్నుపాము ఉండే గొట్టం ముందు నుంచి వెనక్కి మామూలుగా 17, 18 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 కంటే తక్కువైతే ఇరుకు కిందే లెక్క. నాది 11. కుట్టు లోపల గుడ్డ వదలకుండా కుట్టిన బట్టను తర్వాత వదులు చేయలేము. నా మెడ అలాంటిది. మరొకరికి ఇబ్బంది పెట్టని చిన్న ఉబ్బు నాకు చాలా ఎక్కువ.

రెండోది కదలిక. ఎంఆర్‌ఐ కోసం మనం కదలకుండా పడుకుంటాం, మెడ మాత్రం రోజంతా కదులుతూనే ఉంటుంది. తల వెనక్కి వాల్చినప్పుడు గొట్టం వెనుక వైపు కట్టు మడత పడి లోపలికి పొడుచుకువస్తుంది. ముందుకు వంచినప్పుడు వెన్నుపాము సాగి, పెరిగిన ఎముక అంచుల మీద ఒరుసుకుంటుంది. పూసలు ఒకదానిపై ఒకటి జారుతున్నా, మెడ సహజమైన వంపు పోయి ముందుకు గూని తిరిగినా ఆ రాపిడి ఎక్కువవుతుంది. మెడ వంచి కుట్టడమే నన్ను ఇలా చేసిందని నేను అనను. అలా అని ఏ వైద్యుడూ చెప్పలేదు. ఒత్తిడి ఒక పక్క నుంచి కాక చుట్టూ పడుతుంటే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని, నలిగినచోట రక్తప్రసరణ తగ్గి వెన్నుపాము ఇంకా చెడుతుందని ఆమె ఫిల్ము చూపిస్తూ వివరించారు.

స్కానులో ఒత్తిడి కనిపించినా ఏ లక్షణమూ లేనివారు కూడా ఉంటారు. అలాంటి 199 మందిని కనీసం రెండేళ్లు గమనించిన చెక్ పరిశోధకులు, వారిలో 45 మందికి జబ్బు బయటపడినట్టు 2008లో ప్రచురించారు. మెడ నుంచి చేతిలోకి దిగే నరం నొప్పి ముందే ఉన్నవారిలో, నరాల విద్యుత్ పరీక్షల్లో తేడా కనిపించినవారిలో అది త్వరగా బయటపడింది. కాబట్టి స్కానులో ఏదో ఉందన్నంత మాత్రాన అందరూ బెదిరిపోనక్కర్లేదు.

నేను ఆగి చూద్దామనుకున్నాను. ఆమె ఒక చిన్న పరీక్ష నేర్పారు. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా మూసి తెరవగలనో లెక్కపెట్టాలి, మామూలుగా ఇరవై దాకా రావాలి. కొలతల పుస్తకంలోనే నెలకోసారి రాసుకున్నాను: 19, 18, 18, 18, 18, 18, 18. నిలకడగా ఉందని ధైర్యం వచ్చింది. ఎనిమిదో నెలలో గడప తగిలి తూలిపడ్డాను. గడ్డం తలుపుకు కొట్టుకుని తల ఒక్కసారిగా వెనక్కి విరుచుకుంది. ఎముక విరగలేదు, రక్తం రాలేదు. మర్నాడు నడవగలిగాను గాని చేతులతో దుప్పటి తీసుకోలేకపోయాను. ఆ రోజు లెక్క 12.

ఈ జబ్బు అందరిలోనూ వాలుగా దిగదు. 1956లోనే క్లార్క్, రాబిన్సన్ అనే వైద్యులు 120 మంది రోగుల చరిత్ర పరిశీలించి, ఎక్కువమందిలో ఇది మెట్టు మెట్టుగా దిగుతుందని రాశారు. కొన్నాళ్లు అక్కడే నిలుస్తుంది, తర్వాత హఠాత్తుగా ఒక మెట్టు జారుతుంది. ఆ నిలకడను చూసి నేను భద్రమనుకున్నాను. ఇరుకు మెడ ఉన్నవారు చిన్నగా తూలిపడినా అది పెద్ద గాయం కాగలదని ముందు నాకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే, కాళ్లు తడబడుతున్న నేను ఇంట్లో పడిపోకుండా జాగ్రత్తలు తీసుకునేదాన్ని.

రెండు వారాలకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు లెక్క 16. ఆపరేషన్ ముఖ్యోద్దేశం జబ్బు ముందుకు పోకుండా ఆపడం. పోయినదానిలో ఎంత తిరిగి వస్తుందన్నది వయసు మీద, అప్పటికే జబ్బు ఎంత ముదిరింది, లక్షణాలు ఎన్నాళ్లుగా ఉన్నాయి అన్న వాటి మీద ఆధారపడుతుంది. పొగతాగేవారిలో కోలుకోవడం తక్కువ. పట్టీ వేసుకుని గడిపిన ఆ ఏడాదిన్నర నాకు ఎంత ఖరీదైనదో ఇప్పుడు తెలుస్తోంది. గుండీలు పెట్టుకోగలుగుతున్నాను. కాజా కుట్టలేను.

సంపాదకులకు నా విన్నపం ఇది. మెడ గురించి మళ్లీ రాసినప్పుడు నొప్పి పక్కనే ఈ నాలుగు ప్రశ్నలూ వేయండి: గుండీ పెట్టుకోవడం కష్టమవుతోందా? చేతిరాత మారిందా? చీకట్లో నడిస్తే తూలుతున్నారా? తల వంచితే వీపు వెంట కరెంటు పాకినట్టు ఉంటోందా? అవునన్నవారు మణికట్టుతో ఆగకుండా మెడ కూడా చూడమని వైద్యులను అడగాలని రాయండి. ఇప్పటికే స్వల్ప దశ అని చెప్పించుకుని ఇంట్లో ఉన్నవారు తర్వాతి పరీక్ష తేదీని, తమ పిడికిలి లెక్కను కాగితం మీద పెట్టుకోవాలని, ఆ లెక్క తగ్గినా, కింద పడినా తేదీ కోసం ఆగకుండా వెళ్లాలని కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు