రాత్రి రెండింటికి రెడ్ ఏరియాలో ఎవరుండాలి?

సంపాదకులు గారికి,

నగరాల్లోని పెద్ద బోధనాసుపత్రులకు ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ సీట్లు రావడం ఆ విభాగంలో పాఠాలు చెప్పే మాకు సంతోషకరమే. ప్రపంచంలో తొలి ఎమర్జెన్సీ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే పీజీ శిక్షణ) 1970లో అమెరికాలోని సిన్సినాటిలో మొదలైతే, మన వైద్య మండలి దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు అంతకు ముందే, 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్నాయి. రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చే ఏర్పాటు ముందు వచ్చింది. గుమ్మం లోపల అందుకోవాల్సిన డాక్టర్ని తయారుచేసే కోర్సు ఆ తర్వాత వచ్చింది. ఆ కోర్సు నడుస్తున్న తీరు గురించే ఈ ఉత్తరం.

మేం అడిగేది ప్రధానంగా ఒక్కటే. రాత్రిపూట రెడ్ ఏరియాలో, అంటే ప్రాణాపాయంలో ఉన్న రోగుల్ని చూసే చోట, పీజీ పక్కనే, ఎమర్జెన్సీ మెడిసిన్ చదివిన సీనియర్ డాక్టరు నిలబడి ఉండాలి. ఫోన్లో దొరికితే చాలదు. చాలాచోట్ల పగలు కన్సల్టెంట్లు ఉంటారు, క్లాసులు జరుగుతాయి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం మొదటి సంవత్సరం పీజీ, హౌస్‌సర్జన్, ఇద్దరు స్టాఫ్ నర్సులు మిగులుతారు. రోడ్డు ప్రమాదాలు, విషం తాగినవాళ్లు, జిల్లాల నుంచి రెఫరైనవాళ్లు వచ్చేది ఆ వేళకే. నేర్చుకోవాల్సిన కేసులు ఉన్న సమయంలో నేర్పేవాళ్లు ఉండరన్నమాట.

పురుగుమందు తాగిన రోగినే తీసుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ క్యాజువాలిటీకైనా ఇది నిత్యం వచ్చే కేసు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా నీరు, సూదిమొనల్లా కనుపాపలు. బట్టలు విప్పేసి ఒళ్లంతా కడగడం, నోట్లోని స్రావాలను సక్షన్‌తో లాగేయడం, ఆక్సిజన్ పెట్టడం వెంటనే జరగాలి. వాటితోపాటే విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టాలి. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు ఆంప్యూళ్లు ఇచ్చి, ఐదు నిమిషాలాగి ఛాతీ వినాలి. గురగుర తగ్గకపోతే ఆరు, ఇంకో ఐదు నిమిషాలకు పన్నెండు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఛాతీ శుభ్రపడి, చంకలు ఆరి, నాడి 80 దాటి, పై బీపీ 80 పైకి వచ్చాక ఆపి, అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం చొప్పున గంటకు ఇన్ఫ్యూజన్ (నరంలోకి కొద్దికొద్దిగా ఆగకుండా ఎక్కించడం) పెట్టాలి.

పుస్తకంలో ఇదంతా ఒక్క పేరాగ్రాఫులో ఉంటుంది. ఒంటరిగా ఉన్న పీజీ తప్పటడుగు వేసేది మూడు చోట్ల. నాడి అప్పటికే 120 ఉందని భయపడి అట్రోపిన్ ఆపేస్తారు. ఊపిరందక కూడా నాడి పెరుగుతుంది, కాబట్టి వేగంగా ఉన్నంత మాత్రాన మందు ఆపకూడదు. రెండోది, కనుపాపలు పెద్దవి కాగానే సరిపోయిందనుకుంటారు. చూడాల్సింది ఛాతీని. మూడోది, మందు మొదలుపెట్టకుండానే, శ్వాసనాళానికి రక్షణ లేకుండానే కడుపు కడగడానికి గొట్టం వేస్తారు. రోగి వాంతి చేసుకుంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మర్నాడు ఇంకో ప్రమాదం ఉంది. ఇన్ఫ్యూజన్ ఎక్కువైపోతే జ్వరం, కలవరింత, పొట్టలో చప్పుడు లేకపోవడం, మూత్రం బిగదీసుకుపోవడం కనిపిస్తాయి. వాటిని విషం లక్షణాలనుకుని మందు ఇంకా పెంచేవాళ్లున్నారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు చచ్చుబడి శ్వాస ఆగిపోవచ్చు. అందుకే ప్రతి రౌండులోనూ ‘దిండు మీంచి తల ఎత్తమ్మా’ అని అడిగి చూడాలి. ఇవి పక్కన నిలబడి చూపిస్తే రెండు కేసుల్లో పట్టుబడతాయి. నేర్పేవాళ్లు లేకపోతే రోగుల ప్రాణాల మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

శ్వాసనాళంలో ట్యూబు వేయడం ఇంకా సున్నితమైన పని. పీజీలో చేరగానే మొదటి రెండు మూడు నెలలు అనస్థీషియా విభాగానికి పంపాలని మా గట్టి అభిప్రాయం. చాలా కాలేజీల్లో క్యాజువాలిటీలో మనుషులు చాలడం లేదని ఆ పోస్టింగును రెండో ఏడాదికి నెడుతున్నారు. ఆపరేషన్ థియేటర్లో ముందు నేర్వాల్సింది ట్యూబు కాదు, మాస్కుతో గాలి అందించడం. ఒకరు రెండు చేతులతో మాస్కు బిగించి పట్టుకుంటే మరొకరు అంబు బ్యాగ్ నొక్కాలి. ఆ పని వచ్చినవాళ్లకు ట్యూబు మొదటిసారి పడకపోయినా రోగి దక్కుతాడు.

క్యాజువాలిటీకి వచ్చే రోగి థియేటర్ రోగిలాంటివాడు కాదు. కడుపు నిండుగా ఉంటుంది, బీపీ పడిపోయి ఉంటుంది. అలా షాక్‌లో ఉన్నవాడికి పూర్తి మోతాదు మత్తిచ్చి ట్యూబు వేస్తే, వెంటిలేటర్ ఒత్తిడికి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి అక్కడికక్కడే గుండె ఆగిపోవచ్చు. ముందు ఫ్లూయిడ్సో రక్తమో ఎక్కించి, బీపీ పెంచే నారడ్రినలిన్ సిద్ధం చేసుకుని, మత్తుమందు కెటమిన్ సగానికి తగ్గించి, కండరాలు సడలించే మందు మాత్రం తగ్గించకుండా ఇవ్వాలి. పురుగుమందు కేసులో కండరాలు సడలించడానికి సక్సినిల్‌కోలిన్ వాడితే దాన్ని విరగ్గొట్టే ఎంజైము విషం వల్ల పనిచేయదు కనుక నిమిషాల్లో పోవాల్సిన పక్షవాతం గంటల తరబడి ఉంటుంది. అక్కడ రోక్యురోనియం మేలు. ట్యూబు వేశాక స్టెత్ పెట్టి ‘శబ్దం వస్తోంది’ అని తృప్తిపడకూడదు, కడుపులోని చప్పుడు ఛాతీలోనూ వినిపిస్తుంది. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్ మీద అల కనిపించాలి. ఆ పరికరం లేని రెడ్ ఏరియాలో పీజీ శిక్షణకు అనుమతి ఇవ్వకూడదు. దీనిలో రాజీ కుదరదు.

ఇక రోజూ కనిపించే జాడ్యం ‘కాల్’ రాయడం. మెడిసిన్‌కు కాల్, సర్జరీకి కాల్, ఆర్థోకు కాల్ అని కేస్‌షీట్‌లో రాసి వాళ్లు వచ్చేదాకా కాచుకోవడమే ఎమర్జెన్సీ పీజీ పని అయిపోతోంది. ఛాతీ నొప్పి రోగికి పది నిమిషాల్లో ఈసీజీ తీసి చదవడం, స్ట్రోక్ అనుమానముంటే ముందు వేలి రక్తంలో షుగర్ చూసి ఆపైన సీటీకి పంపడం, పొట్టలో రక్తస్రావముందేమో అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూడడం అతని సొంత బాధ్యతలు. వాటిని అతనికే వదిలి, చేసినదాన్ని సీనియర్ సరిచూడాలి. ఐసీయూ, పీడియాట్రిక్స్, గైనిక్ పోస్టింగుల్లోనూ అంతే. అక్కడ ఖాళీ నింపే మనిషిగా కాకుండా, ఏమేం నేర్చుకుని రావాలో చీటీ రాసిచ్చి పంపాలి.

పని గంటల సంగతి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం ఒక దఫాకు 12 గంటలు, వారానికి మామూలుగా 48 గంటలు మించకూడదన్నది. ఎమర్జెన్సీలో 24 గంటల డ్యూటీ అసలు పనికిరాదు. వార్డులో అర్ధరాత్రి ఒక గంట కునుకు తీయొచ్చేమో గానీ రెడ్ ఏరియాలో ప్రతి కొన్ని నిమిషాలకూ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎనిమిది గంటల షిఫ్టులు పెట్టి, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య అరగంట ఇద్దరూ ఉండేలా చూడాలి. ఆ అరగంట మంచం మంచానికీ తిరిగి అప్పగించాలి. కుర్చీలో కూర్చుని చెప్పుకుంటే జారిపోయే విషయాలు చాలా ఉన్నాయి. పాముకాటుకు యాంటీవెనమ్ ఇచ్చాక ఆరు గంటలకు మళ్లీ చేయాల్సిన రక్తం గడ్డకట్టే పరీక్ష అలాంటిదే. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒక్కసారి వంచి చూస్తే చాలు. అయితే ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితం తప్పుతుంది. ఇలాంటివి కొత్తవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసే మూడు నెలల జిల్లా రెసిడెన్సీ మా పీజీలకు వరంలాంటిది, దాన్ని సరిగ్గా వాడుకుంటే. జిల్లా నుంచి నగరానికి రోగిని పంపడమెలాగో అక్కడే తెలుస్తుంది. బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 15 లీటర్లు పెడితే నిండు సిలిండరైనా 100 నిమిషాలే. ప్రయాణం రెండున్నర గంటలైతే రెండో సిలిండరు లేకుండా బండి కదలకూడదు. ఈ లెక్క చేయని రెఫరల్ ఎలా ముగుస్తుందో అందుకునే వైపున్న మాకు తెలుసు.

2020 నిబంధనల్లో ప్రతి వైద్య కళాశాలకూ ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం తప్పనిసరి అన్న జాతీయ వైద్య కమిషన్, 2023 నిబంధనల్లో దాన్ని తప్పనిసరి జాబితాలోంచి తీసేసింది. దాన్ని తిరిగి చేర్చాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కమిషన్‌కు గట్టిగా రాయాలి. విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకాల లెక్కతో సరిపెట్టుకోకుండా, ప్రతి పీజీ ట్యూబు వేస్తుంటే, ఛాతీలో డ్రెయిన్ గొట్టం పెడుతుంటే ఒక అధ్యాపకుడు పక్కనుండి చూసి మార్కులు వేసే పద్ధతి ఈ విద్యా సంవత్సరం నుంచే పెట్టవచ్చు. తనిఖీ బృందాలు కూడా పగలు పదకొండు గంటలకు రాకుండా, చెప్పకుండా రాత్రి రెండు గంటలకు వచ్చి, రెడ్ ఏరియాలో డ్యూటీలో ఉన్న సీనియర్ పేరు రాసుకుని వెళ్లాలి.

ఇట్లు,
అత్యవసర వైద్య విభాగ అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్