ఇంటిపేరు కన్నా ఓడ నంబరు ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా నుంచి ఉత్తరాంధ్రకు వచ్చే కుటుంబాలకు మొదటి చిక్కు ఇంటిపేరు దగ్గరే. ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది అదే. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పందం మీద ఓడల్లో వెళ్లిన కూలీల రిజిస్టర్లలో ఆ గడే లేదు. అక్కడ చాలామందికి తండ్రి పేరో, ‘నాయుడు’ లాంటి గౌరవ పదమో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. దాన్ని పట్టుకుని రచ్చబండ దగ్గర విచారిస్తే సగం ఊరు లేచి నిలబడుతుంది.

1860 నవంబరు 16న ఈ కూలీలతో మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో నేటాల్ రేవు డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా వెళ్లారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా లేదా తాలూకా, ఊరు, ‘మోకాలి మీద గాటు’ లాంటి పుట్టుమచ్చల వివరం ఉంటాయి. ఇంట్లోని పాత పెళ్లి, మరణ పత్రాల్లో ఈ నంబరు కోసం చూడాలి. ఓడ జాబితాలు డర్బన్‌లో, క్వాజులు నేటాల్ విశ్వవిద్యాలయం వారి గాంధీ–లుతూలి కేంద్రంలో ఉన్నాయి. విమాన టికెట్టు కొనేది ఆ తర్వాతే.

జిల్లా గడిలో ‘గంజాం’ అని కనబడితే నేరుగా ఒడిశాలోని బరంపురంలో దిగిపోతున్నారు. 1936లో ఒడిశా ఏర్పడే దాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, ఆఖరికి చికాకోల్ అనే శ్రీకాకుళం కూడా గంజాంలోనివే. ‘వైజాగపటం’ అంటే ఒక్క విశాఖ కాదు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ అందులోవే. ఊరి పేరు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్నది. కొత్తవలసలూ కొత్తపేటలూ ఎన్నో ఉన్నాయి కనుక ముందు తాలూకా తేల్చుకోవాలి.

తహసీల్దారు కార్యాలయం మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. జమీందారీ గ్రామాల్లో చాలావాటికి సర్వే సెటిల్‌మెంట్ జరిగింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. పైగా ఓడెక్కినవాళ్లలో సెంటు భూమి లేనివాళ్లే ఎక్కువ. అంతకన్నా కుటుంబం మరచిపోని గ్రామదేవత పేరు, మొక్కు తీర్చే తీరు బాగా పనికొస్తాయి. రావడానికి సంక్రాంతి మేలు. వలసపోయినవాళ్లూ ఊళ్లోనే ఉంటారు. రైలు, గది మాత్రం ముందే చూసుకోవాలి.

మనవాళ్లకూ ఒక మాట. తండ్రి పేరు, కులం, ఊరు మూడూ కుదరకుండా చుట్టరికం కలిపేయకండి, గుడికి చందా అడగకండి.

ఉత్తరాంధ్ర జిల్లాల కలెక్టర్లు పాత తాలూకా, ఊరి పేరు, నాటి ఇంగ్లిషు స్పెల్లింగు, నేటి మండలం, రెవెన్యూ గ్రామం చూపే పట్టిక ఒకటి తమ వెబ్‌సైట్లలో పెట్టించాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

– ఒక పాఠకుడు, విజయనగరం