టీమ్‌కు రెండు రోజులు విశ్రాంతి

అందరికీ వందనాలు. కెన్యాలో సేవకు వచ్చిన మా టీమ్ అంతా రేపు టిఫిన్ కాగానే నైరోబీ నుంచి నైవాషా సరస్సుకు బయలుదేరుతున్నాం, దాదాపు 90 కిలోమీటర్లు. రెండు రోజులు మీటింగులు, ఇళ్ల దర్శనాలు ఏమీ ఉండవు. పాటలు పాడి సిస్టర్స్ గొంతులు బొంగురుపోయాయి. ఉగాలీ (ఇక్కడి మొక్కజొన్న పిండి ముద్ద) తిని తిని తమ్ముళ్లకు నోరు చచ్చిపోయింది, ఆవకాయ సీసా కూడా అడుగంటింది. సేవకు వెళ్లి సెలవేంటి అనుకునేవాళ్లు బైబిల్లో మార్కు సువార్త 6:31 తీసి చూడండి, కొంచెంసేపు విశ్రాంతి తీసుకోండని యేసయ్యే శిష్యులతో చెప్పారు.

టీమ్ వాళ్లూ, స్వెటర్లు మరవద్దు. అక్కడ ఎత్తు దాదాపు 1,900 మీటర్లు, రాత్రి చలేస్తుంది. చీకటి పడ్డాక ఒడ్డు వైపు అస్సలు వెళ్లొద్దు, నీటిగుర్రాలు గడ్డి మేయడానికి పైకి వస్తాయి. సెల్ఫీల సరదా పగలే తీర్చుకోండి.

ఇంటి దగ్గర వాళ్లు మన టైమ్ రాత్రి 9:30 తర్వాత ఫోన్ చేయండి, ఇక్కడ అప్పటికి 7 అవుతుంది.