పిక్కల నొప్పికి పేగు కారణమని మాకు తెలియలేదు

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి 22 ఏళ్లు, క్రోన్స్ జబ్బు (పేగుల్లో వాపు, పుళ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. మొదట పేగు టీబీ అనుకుని 6 నెలలు ఆ మందులే వాడాం. కొలనోస్కోపీలో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయట, అందుకు నేనెవరినీ తప్పుపట్టను. నా బాధ ఆ తర్వాత జరిగినదాని గురించి.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక ఉదయం వాడు మంచం దిగి మడమ నేలకు ఆనించలేకపోయాడు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద బాత్రూమ్‌కి వెళ్లాడు. షటిల్ ఆడి పట్టేసిందేమోనని రాత్రి నువ్వుల నూనె వెచ్చబెట్టి రాయబోతే, పిక్క మీద చెయ్యి పడగానే కాలు లాక్కున్నాడు. మెడికల్ షాపులో నొప్పి గోళీలు తెచ్చి నాలుగు రోజులు వేశాం. తగ్గిపోయిన రక్త విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఈ జబ్బును రేపవచ్చని అప్పటికి మాకెవరూ చెప్పలేదు.

ఎముకల డాక్టరు తీయించిన ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఈ జబ్బున్నవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువట, డాప్లర్ స్కాన్ చేశారు, అదీ లేదు. రక్తపరీక్షలో, కండరం దెబ్బతింటే పెరిగే సీకే కూడా నార్మల్. "కండరాలు బాగానే ఉన్నాయి, కుర్రాడికి టెన్షన్ ఎక్కువ" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

చివరికి పేగుల డాక్టరుకే చెప్పుకున్నాం. ఆయన ఎమ్మారై తీయించి, పిక్క కండరంలో అక్కడక్కడా తెల్లగా మబ్బుల్లా ఉన్నచోట వేలు పెట్టి చూపించారు. క్రోన్స్‌లో అరుదుగా పిక్కలకిలా వాపు వస్తుందని, అప్పుడు సీకే నార్మల్‌గానే ఉండొచ్చని చెప్పారు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన ఐదో రోజున వాడి మడమ నేలకు ఆనింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు డోసు తగ్గిస్తూ వచ్చారు.

కాళ్ల సంగతి పేగుల డాక్టరుకెందుకని మేమే ముందుగా చెప్పలేదు. ఎముకల డాక్టరు దగ్గర కడుపు మాటే రాలేదు. మీ ఆరోగ్య పేజీలో ఈ జబ్బుకి ఏం తినాలో, ఏం తినకూడదో చాలాసార్లు చదివాను. కీళ్లకి, కళ్లకి, చర్మానికి, కండరాలకి కూడా ఇది పాకవచ్చని డాక్టర్ల చేత వివరంగా రాయించండి. మెడికల్ షాపువాళ్లు కూడా నొప్పి గోళీ ఇచ్చేముందు "పేగు జబ్బేమైనా ఉందా?" అని ఒక్క మాట అడగాలి.

వాడి ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి అంటించాను: "క్రోన్స్ ఉంది. పేగుల డాక్టరును అడగకుండా నొప్పి గోళీలు ఇవ్వొద్దు."

— ఒక తల్లి, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)