ఈ ఏడాది డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ మా దుకాణంలో ఉండదు

ఫిబ్రవరిలోనే డబ్బు కట్టి డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే ఏడాదిలో తొలి చిగురు టీ కోసం ఎదురుచూస్తున్న మీకు ఈ మాట నేరుగా నేనే చెప్పాలి. ఈసారి ఆ టీ ఇవ్వలేను. ఎవరి డబ్బు వారికి ఈ శనివారంలోగా తిరిగి చేరుతుంది. అస్సాం సీటీసీ (పాలతో కాచుకునే గుళికల టీ), నీలగిరి, గ్రీన్ టీ ఎప్పటిలాగే ఉన్నాయి, ధరలు కూడా అవే.

కోల్‌కతా నుంచి మాకు ఏళ్ల తరబడి సరుకు పంపుతున్న వర్తకుడు ఏప్రిల్‌లో పెట్టెలు పంపాడు. ఆకు చూడడానికి బాగుంది. పచ్చ, గోధుమ రంగులు కలిసి మెలితిరిగిన ఆకు, నడుమ వెండి రంగు మొగ్గలు. వేడినీళ్లు పోస్తే పూల వాసన కూడా వచ్చింది. కానీ తోట పేరు, లాట్ నంబరు ఉండాల్సిన చోట కొత్త కాగితం అంటించి ఉంది. అంచును గోరుతో లేపితే కింద మరో ముద్ర కనిపించింది. డార్జిలింగ్ తోటలు ఏటా తొలి కోత నుంచి డీజే-1, డీజే-2 అంటూ లాట్లకు వరుస నంబర్లు వేస్తాయి. పైకాగితం మీది నంబరు చెప్పి తోటకు ఫోను చేస్తే, ఆ లాట్ వేరేవాళ్లకు ఎప్పుడో అమ్మేశామన్నారు. గట్టిగా నిలదీస్తే అది నేపాల్ ఆకు అని వర్తకుడు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఊరుకోలేదు. "పాలు పోసుకుని తాగే ఊరు మీది, తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. డికాషన్‌ను మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనిచ్చి, పాలను విడిగా చిక్కబడేదాకా కాచి, కప్పులో కలిపే ఇరానీ చాయ్ ఊరు హైదరాబాద్. డికాషన్ కాస్త ఎక్కువ మరిగినా మొదటి గుక్కలోనే పట్టేసేవాళ్లు ఇక్కడ వీధివీధినా ఉన్నారు. మా దగ్గర పాలు లేని టీకి అలవాటు పడ్డవాళ్లలో చాలామంది ఆ చాయ్‌తోనే నాలుక పదును పెట్టుకున్నారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మరొకటి. నేపాల్ టీ అనే పేరుతోనే, ధర తగ్గించి అమ్ముదామని మా తమ్ముడు అన్నాడు. న్యాయమైన మాటే. ఇలాం కొండలు డార్జిలింగ్‌కు సరిహద్దు అవతలే ఉన్నాయి, అక్కడ 1863 నుంచే తేయాకు పెంచుతున్నారు. అక్కడి మంచి తోటల ఆకు నాకూ ఇష్టమే. సీజన్ అంతా సరుకు పెట్టే అర ఖాళీగా ఉంటే నష్టమెంతో నాకు తెలియనిదీ కాదు. ఒకటి రెండుసార్లు సరేననబోయాను కూడా. కానీ ఏ తోటది, ఎప్పుడు కోసింది అని అడిగితే వర్తకుడి దగ్గర జవాబు లేదు. ఒకసారి అబద్ధపు కాగితం అంటించినవాడు రెండోసారి చెప్పే పేరును నమ్మి మీకెలా అమ్మను? పెట్టెలన్నీ వెనక్కి పంపేశాను. అతనితో ఇక లావాదేవీ లేదు. మొండితనం అని ఇంట్లో అన్నారు, అననివ్వండి. మన దేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు డార్జిలింగ్ టీ. 2017లో ఆ కొండల్లో వంద రోజులు దాటి బంద్ సాగి సెకండ్ ఫ్లష్, అంటే రెండో కోత చేతికి రానప్పుడు కూడా మేం ఆ పేరు మీద ఇంకో ఆకు అమ్మలేదు.

ఈ జులైకి సెకండ్ ఫ్లష్ నేరుగా తోట నుంచే తెప్పిస్తున్నాను. మన పత్తి రైతులను ఏడిపించే పచ్చదోమ లాంటి పురుగే అక్కడ లేత ఆకు రసం పీలుస్తుంది. దాన్ని తట్టుకునే క్రమంలో ఆకులో పుట్టేదే సెకండ్ ఫ్లష్‌కు పేరు తెచ్చిన ద్రాక్షపండు వాసన.

అప్పటిదాకా పాలు లేకుండా తాగేవాళ్లకు కూనూరు వైపు నుంచి వచ్చిన నీలగిరి ఆకు ఇవ్వగలను. కప్పు నీళ్లకు చెంచాడు ఆకు చాలు. పొయ్యి మీద మరిగించకండి. నీళ్లు మరిగాక దించి ఆకు మీద పోసి, మూడు నిమిషాలకు వడకట్టండి. చల్లారినా మసకబారదు కాబట్టి ఈ ఎండల్లో ఐస్ వేసుకోవడానికీ బాగుంటుంది. పాలతో కాచుకునేవాళ్లు సీటీసీ మార్చనక్కరలేదు.

సెకండ్ ఫ్లష్‌కు ముందస్తు డబ్బు తీసుకోను. పెట్టె, తోట ఇచ్చిన బిల్లు రెండూ కౌంటర్ మీదే ఉంచుతాను. నంబరు సరిచూసుకుని, ఒక కప్పు తాగి, నచ్చితేనే కొనండి.